డెబ్బై దాటాక తుప్పు పట్టిన స్పోర్ట్స్ కారు కొనవచ్చునా?

ఈ మధ్య నాకు వచ్చిన ప్రశ్న మధుమేహం గురించి గాని, మోకాళ్ళ నొప్పుల గురించి గాని కాదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఒకరు, యాభై ఏళ్ళ క్రితం తయారై, తుప్పు పట్టి మూలపడి ఉన్న స్పోర్ట్స్ కారును కొని, తన చేతులతో బాగుచేసుకోవాలని ఉబలాటపడుతున్నారు. కొనవచ్చునా, కూడదా? అడిగినది ఆయన కుమార్తె. "వద్దని మీరు గట్టిగా చెప్పండి అంకుల్, నాన్న మీ మాట వింటారు" అన్నది.

ఆ మనిషి నా సహాధ్యాయి. వైద్య కళాశాలలో చదివిన రోజులలో ఇద్దరమూ ఒకే హాస్టలులో ఉండేవాళ్ళము. నేను ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. అతడు 1970ల చివర ఇంగ్లండు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో పనిచేసి, అక్కడే స్థిరపడ్డాడు. రెండేళ్ళ క్రితం భార్య కాలం చేసింది. అతని అనుమతితోనే ఈ సంగతులు వ్రాస్తున్నాను. పేరుతో మనకు పని లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అతడు కారు కొనుక్కోవలసిందే. అయితే, చూసి మోజుపడిన ఆ కారును మాత్రం కొనకూడదు. కారణాలు వివరంగా చెబుతాను. మన ఊళ్ళలో పాత ఫియట్టునో, ఎజ్డీనో, బుల్లెట్టునో విప్పి ముందు పెట్టుకుని కూర్చున్న పెద్దలకు, వారిని చూసి కంగారుపడే పిల్లలకు కూడా ఇందులో పనికివచ్చే మాటలు ఉంటాయని నా నమ్మకం.

ఎం.జి. అన్న అక్షరాలు 2019 నుంచి మన రోడ్ల మీద హెక్టర్ కార్లపై కనబడుతున్నాయి. ఆ పేరు ఇప్పుడు ఒక చైనా సంస్థ అధీనంలో ఉన్నది గాని, దాని పుట్టిల్లు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు. మోరిస్ గ్యారేజెస్ అన్న మాటలకు పొడి అక్షరాలవి. ఆ పేరుతో ఆబింగ్డన్ అనే ఊరిలో 1962 నుంచి 1980 వరకు తయారైన చిన్న స్పోర్ట్స్ కారు ఎం.జి.బి. గుడ్డ కప్పు మడిచి గాలికి తిరగగలిగిన రకాన్ని రోడ్‌స్టర్ అంటారు. గట్టి కప్పు ఉన్నది జి.టి. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1798 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు. నేటి కార్లతో పోలిస్తే వేగంలో గొప్పదేమీ కాదు. మూత ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. కంప్యూటరు లేదు. అందుకే సొంతంగా పనిచేసుకునే వారికి అది అంత ప్రియమైనది.

నా మిత్రుడు చూసినది 1972 నాటి రోడ్‌స్టర్. పల్లెటూరి కొట్టంలో టార్పాలిన్ కింద చాలాకాలంగా పడి ఉన్నది. "ఇంజను తిరుగుతుంది, కొద్దిగా తుప్పు ఉన్నది" అని అమ్మేవారు చెప్పారట. ఈ "కొద్దిగా" అన్న మాటను వైద్యులు ఎంతవరకు నమ్ముతారో మీకు తెలుసు. రోగి కొద్దిగా తాగుతానన్నా, కొద్దిగా ఆయాసమన్నా మేము రెండవ ప్రశ్న వేస్తాము.

తుప్పు స్వభావం కొంత తెలుసుకుంటే ఆ రెండవ ప్రశ్న ఏమిటో బోధపడుతుంది. ఇనుముకు నీరు, ప్రాణవాయువు తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే వేగం పుంజుకుంటుంది; విశాఖ, కాకినాడ వాసులకు కిటికీ చువ్వల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో కూడా కార్లు ఉప్పు తింటాయి. చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ గని ఉప్పు చల్లుతారు. అది తడితో కలిసి చక్రాల నుంచి చిమ్మి, కారు అడుగున మూలమూలలకూ చేరుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికిన చోట పుడితే ఉబ్బి ఆ రేకులనే విడదీస్తుంది. రంగు మీద చిన్న పొక్కు కనబడేసరికి లోపలి రేకు జల్లెడ అయి ఉండవచ్చు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న రోజులలో మాకొక జీపు ఉండేది. కాళ్ళ దగ్గర నేల రేకు తుప్పుపట్టి, ఆ కన్నంలోంచి రోడ్డు కనబడేది. కన్నం మీద గోనెపట్టా పరచుకుని వానాకాలమంతా పల్లెల్లో శిబిరాలకు తిరిగాము. ఆ జీపు అలా నడిచిందంటే దాని కింద విడిగా ఇనుప చట్రం ఉండబట్టే. ఛాసిస్ గట్టిగా ఉన్నంతకాలం పై రేకులు రాలిపోయినా బండి బండే.

ఎం.జి.బి.కి ఆ వెసులుబాటు లేదు. దానికి విడి ఛాసిస్ ఉండదు. రేకులను మడిచి, అతికి కట్టిన శరీరమే దాని ఎముకల గూడు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా రెండు పక్కలా బోలు దూలాలు నడుస్తాయి. వీటిని సిల్స్ అంటారు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కలిపి నిలబెట్టే భారం ప్రధానంగా వీటిదే. ఇవి లోపల కుళ్ళితే కారు నడుము వంగుతుంది.

అమ్మేవారు చేసే ఒక మోసం కూడా ఇక్కడే జరుగుతుంది. కుళ్ళిన రేకును కోసి తీయకుండా దాని మీదనే కొత్త రేకు కప్పి వెల్డింగు చేస్తారు. అతుకుల మీద లప్పం పూసి, అడుగున నల్లని తారు రంగు దట్టంగా కొడతారు. సర్జికల్ వార్డులో పనిచేసిన వారెవరికైనా ఇది చూస్తే మధుమేహ రోగి కాలి పుండు గుర్తుకు వస్తుంది. పైన చర్మం మూసుకుని ఉంటుంది, లోపల చీము ఎముక వైపు పాకుతూ ఉంటుంది. కుళ్ళినదంతా ఆరోగ్యకరమైన కణజాలం కనబడేదాకా కోసి తీసివేయనిదే ఆ పుండు మానదు. రేకుకూ అదే నియమం.

పరీక్షించే పద్ధతి కూడా మా పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. చిన్న అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి, తలుపుల అడుగు భాగాల మీద, చక్రాల పై వంపుల మీద జరపాలి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదులుతుంది. వేలి కణుపుతో తట్టి శబ్దం వినాలి. మేము ఛాతీ మీద వేలు పెట్టి తట్టి, నీరు చేరినదీ లేనిదీ తెలుసుకున్నట్టే. తలుపు మూసి, దాని చుట్టూ ఉన్న సందు పైనా కిందా సమానంగా ఉన్నదో లేదో చూడాలి. కాళ్ళ కింది చాపలు ఎత్తించాలి. సీట్ల వెనుక బ్యాటరీ ఉండే గూడులో టార్చి వేసి చూడాలి. తరువాత, జాకీ ఆనించవలసిన చోట ఆనించి నెమ్మదిగా లేపాలి. జాకీ తల రేకులోకి దిగబడినా, కారు లేచాక తలుపు బిగుసుకుపోయినా, బేరం అక్కడితో ఆపవచ్చు.

నా మిత్రుడు మొదటిసారి ఇవేవీ చేయలేదు. ఎర్రని రంగు, తీగల చక్రాలు చూసి మురిసి వచ్చాడు. జీవితమంతా రోగుల చొక్కాలు విప్పించి చూసినవాడు కారు చాప ఎత్తి చూడలేదు! నేను ఫోనులో పట్టుబట్టాక రెండవసారి వెళ్ళి, అడుగున టార్చి వేసి తీసిన ఫోటోలు పంపాడు. సిల్స్ మీద రేకు మీద రేకు ఉన్నది. జాకీ ఆనే చోట వ్రేలితో నొక్కితే పెళుసు అప్పడంలా విరిగిందట. ఆ కారు సంగతి నా లెక్కలో అంతటితో తేలిపోయింది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ఎం.జి.బి.కి విడిభాగాలు నేటికీ కొత్తవి దొరుకుతాయి. శరీరం మొత్తం కూడా కొత్తది దొరుకుతుంది: బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి అసలు అచ్చులతోనే ఒట్టి బాడీలు తయారుచేస్తున్నది. కాని ఆ ఒట్టి బాడీకే 10,000 పౌండ్లు దాటుతుంది. రంగు, సీట్లు, వైర్లు, తిరిగి కూర్చే కూలి అన్నీ అదనం. దాదాపు ఆ బాడీ ఖరీదుకే చక్కగా తిరుగుతున్న ఎం.జి.బి. కొనుక్కోవచ్చు. కాబట్టి "చౌకగా వస్తున్నది, బాగుచేసి అమ్మితే లాభం" అన్న ఆలోచనను మొదటే తుడిచివేయాలి. ఇది ఖర్చు. తిరుపతి వెళ్ళివచ్చినవాడు రైలు టిక్కెట్టు డబ్బు తిరిగి రాలేదని విచారించడు గదా. ఖర్చని తెలిసి, భరించగలిగి, పిల్లలకు అప్పు మిగల్చకుండా పెడితే నాకు అభ్యంతరం లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది కాలం. తీరిక వేళల్లో ఒంటరిగా పనిచేసేవారికి ఇంత తుప్పు పట్టిన కారును నిలబెట్టడానికి సంవత్సరాలు పడుతుంది. అక్కడి అమ్మకపు ప్రకటనలలో "సగం పూర్తయినది, భాగాలన్నీ పెట్టెలలో ఉన్నాయి" అన్న మాట తరచుగా కనబడుతుందని అతడే చెప్పాడు. ఆ పెట్టెలలో చాలావాటి వెనుక ఒక నడుము నొప్పో, ఒక గుండెపోటో, ఓపిక తీరిన ఒక కుటుంబమో ఉంటుంది. నలభై ఏళ్ళవాడు ఐదేళ్ళు పట్టే పని మొదలుపెట్టవచ్చు. డెబ్బై నాలుగేళ్ళవాడు ఆ ఐదేళ్ళూ గ్రైండరు ధూళిలో గడిపి, ఒక్క వేసవి సాయంత్రమైనా కప్పు మడిచి తిరగకుండానే చేతులు వణికే దశకు చేరితే, అందులో సంతోషం ఏమున్నది? అందుకే నా సలహా ఇది: శరీరం గట్టిగా ఉండి ఇంజను అలసిపోయిన కారును చూసుకోవాలి. ఇంజను బల్ల మీద పెట్టుకుని కూర్చుని చేసే పని. విప్పి, కడిగి, కొలిచి, కొత్త రింగులు వేసి బిగించవచ్చు. వేసవిలో తోలుకోవచ్చు, చలికాలంలో ఒక్కొక్క భాగం బాగుచేసుకోవచ్చు. తుప్పు కోసి వెల్డింగు చేసే పని వృత్తివారిది. ఉన్న కొద్దిపాటి తుప్పును వారికే అప్పగించాలి.

ఇక బంధువుల మాటకు వస్తాను. కూతురి భయం ప్రేమతో కూడినది, దానికి తరువాత సమాధానం చెబుతాను. ఇక్కడ ఉన్న అన్నదమ్ముల అభ్యంతరం వేరు. "డాక్టరయి ఉండి ఈ వయసులో మెకానిక్కు పనేమిటి, నలుగురూ నవ్వరూ?" అన్నారట. ఈ మాట నాకు కారు తుప్పు కంటే ఎక్కువ బాధ కలిగించింది. చదువుకున్నవాడి చేతికి మసి అంటకూడదన్నది మన సమాజంలో పాతుకుపోయిన జబ్బు. పానా పట్టేవాడు, రంపం పట్టేవాడు, తోలు కుట్టేవాడు తక్కువవాడని, కాగితం మీద సంతకం చేసేవాడు ఎక్కువవాడని తరతరాలుగా నేర్చుకున్నాము. ఆ నేర్పు వల్ల మనకు కలిగిన నష్టాలలో ఒకటి ఉద్యోగ విరమణ తరువాత బయటపడుతుంది. సంతకం చేయడానికి కాగితం రానప్పుడు ఆ చేతులకు ఏ పనీ తెలియదు.

మన దగ్గర రిటైరయిన మగవాడి దినచర్య చూడండి. తెల్లవారి నడక, వార్తాపత్రిక, మనవడిని స్కూలు బస్సు ఎక్కించడం, మధ్యాహ్నం టీవీ, సాయంత్రం పార్కు బెంచీ మీద రాజకీయం. ఇవేవీ చెడ్డవి కావు, నేనూ చేస్తాను. కాని వీటిలో కొత్తగా నేర్చుకోవలసినది లేదు, రేపటికి మిగిలి ఉండే పని లేదు. ఆడవారికి ఈ చిక్కు తక్కువ. వారికి విరమణ అన్నదే మనం ఇవ్వలేదు. మాగాయ పెట్టడమో, అల్లికో, పెరటి పాదులో వారి చేతులను ఆడిస్తూనే ఉంటాయి. భార్య పోయిన తరువాత మగవారి ఆరోగ్యం త్వరగా దెబ్బతినడం వైద్యులందరూ చూసిన విషయమే. తిండి, మందులు వేళ తప్పడం ఒక కారణం. పొద్దున్నే లేవడానికి కారణం లేకపోవడం మరొకటి. "ఒరే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదురా" అని నా మిత్రుడు అన్నప్పుడు, రోగి తన జబ్బును తానే సరిగా నిర్ణయించుకున్నాడని నాకు అనిపించింది.

1990లలో ఆస్ట్రేలియాలో మెన్స్ షెడ్స్ అన్న ఉద్యమం మొదలై తరువాత బ్రిటన్‌కు కూడా పాకింది. పెద్ద వయసు మగవారు ఒక పనిపాకలో చేరి వడ్రంగమో, మరమ్మత్తులో చేసుకుంటారు. మగవారు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, పక్కపక్కన నిలబడి పనిచేస్తూ మాట్లాడతారు అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఎం.జి. కార్ల యజమానులకు కూడా అక్కడ ఊరూరా సంఘాలున్నాయి. అందువల్ల కారు కొనకముందే సంఘంలో చేరమని నా మిత్రునికి చెప్పాను. వయసు మళ్ళినవాడు కారు కింద ఒంటరిగా పడుకోవడం నాకు ఏ మాత్రమూ ఇష్టం లేదు.

ఎందుకు ఇష్టం లేదో చెబితే కూతురికి సమాధానం కూడా చెప్పినట్టే అవుతుంది. అతనికి గుండె లయ తప్పే జబ్బు ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటాడు. ఆ మాత్ర మానకూడదు, మానితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అయితే ఆ మాత్ర వేసుకునేవారికి కారు అడుగున తల గట్టిగా తగిలితే, పైకి బొప్పి చిన్నదిగా కనబడినా పుర్రె లోపల రక్తం చేరవచ్చు. కొన్ని సందర్భాలలో అది నెమ్మదిగా, రోజులు గడిచాక బయటపడుతుంది. తలనొప్పి, మగత, మాట తడబడడం, ఒక పక్క బలహీనత వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్ద వయసువారికి, అందులోనూ ఈ మాత్రలు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే లక్షణాల కోసం వేచి ఉండకుండా చూపించుకోవడమే మంచిది. కాబట్టి తలకు గట్టి టోపీ, చేతులకు తొడుగులు తప్పనిసరి. పేస్‌మేకరు ఉన్నవారైతే వెల్డింగు దగ్గరకు వెళ్ళే ముందు తమ గుండె వైద్యుని అడిగి తీరాలి.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద ఎవరూ, ఏ వయసువారూ దూరకూడదు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తాక సమతలమైన గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, కారును వాటి మీదకు దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగులుతాయి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పిగా మొదలై స్పృహ తప్పిస్తుంది. చలిదేశంలో తలుపు మూసుకోవాలనిపించడం సహజం గనుక ఈ మాట అక్కడివారికి రెండుసార్లు చెప్పాలి.

పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి లోపలి ధూళిని నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం మన షెడ్లలో నేటికీ చూస్తుంటాము. అది మానాలి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు గనుక పొడిగా గీకరాదు, నీళ్ళు పోసి రుద్దాలి. గట్టిపడే ద్రావకం కలిపి కొట్టే టూ-ప్యాక్ రంగులలోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆ పని ఇంట్లో వద్దే వద్దు. ఇక పెట్రోలు: బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది, మన దగ్గర 20 శాతం దాకా వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేక పగిలి పెట్రోలు కారుస్తాయి. ఏ పాత బండి కొన్నా మొదట మార్చవలసినవి ఆ గొట్టాలు, తరువాత బ్రేకులు, ఆ తరువాతే రంగు.

తుప్పు అనగానే మన పాఠకులకు మొదట తట్టేది ధనుర్వాతం. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని అందరూ నమ్ముతారు. తుప్పుకు ఆ శక్తి లేదు. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. గరుకైన తుప్పు మేకు ఆరుబయట పడి ఉంటుంది కనుక దానికి మట్టి అంటి ఉంటుంది. లోతుగా, సన్నగా దిగిన గాయంలో గాలి ఆడదు. గాలి ఆడని చోటనే ఆ బీజాలు మొలకెత్తుతాయి. తళతళలాడే కొత్త సూదికి మట్టి అంటినా అంతే ప్రమాదం. ఈ జబ్బు ఎంత భయంకరమో, చీకటి గదిలో పడుకోబెట్టిన రోగి చిన్న శబ్దానికే విల్లులా వంగిపోవడం చూసిన మా తరం వైద్యులకు తెలుసు. టీకాల పుణ్యమా అని నేటి యువ వైద్యులలో చాలామంది అటువంటి రోగిని చూసి ఉండరు. తల్లులకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి నిర్మూలన స్థాయికి తెచ్చింది. కాని సార్వత్రిక టీకాల కార్యక్రమం మన దేశంలో మొదలైనది 1985లో. అంతకు ముందు పుట్టిన మగవారిలో చిన్నప్పుడు పూర్తి టీకాలు వేయించుకోని వారు చాలామంది ఉన్నారు. ప్రతి గీతకూ ఒక టీటీ పొడిపించుకోవడం ఎంత అనవసరమో, ఒక్కసారి కూడా వరుసగా మూడు డోసులు పూర్తి చేయకపోవడం అంత ప్రమాదకరం. పాత బండి కొనే ముందు మీ టీకాల సంగతి మీ వైద్యునితో తేల్చుకోండి.

తోలడం గురించి ఒక మాట. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన కారులో పెద్ద మార్పులు చేసి ఉండకపోతే, 2018 నుంచి వార్షిక తనిఖీ అక్కరలేదు. డ్రైవరు మాత్రం డెబ్బై ఏళ్ళు దాటితే మూడేళ్ళకొకసారి లైసెన్సు పునరుద్ధరించుకోవాలి. కారుకు ముసలితనం మినహాయింపు, మనిషికి ముసలితనం తనిఖీ! చట్టం అడగకపోయినా ఏటేటా కారుకు తనిఖీ చేయించమని, తన కళ్ళకు కూడా చేయించుకోమని మిత్రునికి చెప్పాను. ఆ కారులో ఎయిర్ బ్యాగులు లేవు. పగటిపూట, పల్లె దారులలో, వాన లేనప్పుడు తోలుకుంటే చాలు.

మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపం చెడకుండా ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. మొదటి నమోదుకు రుసుము 20,000 రూపాయలు. రోజువారీ ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని దానిని వాడకూడదు. నాన్నగారి ఫియట్టును పాత ఇనుము వాడికి ఇచ్చివేయకుండా ఉంచుకోవాలనుకునేవారు ముందుగా కాగితాలు సరిచూసుకోవాలి. పుస్తకం లేని బండి ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు.

షెడ్డులో పని మొదలుపెట్టే ముందు కళ్ళ సంగతి చూసుకోవాలి. గ్రైండరు పట్టినప్పుడు, ఇనుము మీద ఇనుముతో కొట్టినప్పుడు ఎగిరే రజను నల్లగుడ్డు మీద అతుక్కుంటే మర్నాటికే అక్కడ తుప్పు వలయం ఏర్పడుతుంది. వేగంగా వచ్చిన ముక్క కంటిలోకి దూసుకుపోతే, ఒక్కొక్కప్పుడు నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల ఉండిపోయిన ఇనుము నెలల తరబడి కరిగి చూపును తినేస్తుంది. రుమాలు కొసతోనో, అగ్గిపుల్లతోనో తీయించుకోవద్దు, ఆముదం వేయవద్దు, నలపవద్దు. అదే రోజు కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళండి, ఏ పని చేస్తుండగా పడినదో తప్పక చెప్పండి. రక్షణ కళ్ళద్దాలు కొనేటప్పుడు రెండు జతలు కొనండి. రెండవది మీ బండికి టింకరింగు చేసే కుర్రవాడికి.